కొత్త కాంపౌండ్ విల్లుకు సైట్ రోజూ తిప్పాల్సి వస్తోందా? ముందు చూడాల్సినవి ఇవీ

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: కొత్తగా 50 పౌండ్ల బలంతో లాగే కాంపౌండ్ విల్లు (చివర్లలో చక్రాలుండే విల్లు) తీసుకున్నారు, కుడిచేతి వాటం, మణికట్టుకు కట్టుకునే రిలీజ్ (స్ట్రింగ్‌ను పట్టి ఉంచి, ట్రిగ్గర్‌తో వదిలే పరికరం) వాడుతున్నారు. 18 మీటర్ల దగ్గర సైట్ (విల్లు మీద గురి చూసే పరికరం) కుదిర్చాక మర్నాడు వచ్చి చూస్తే బాణాలు ఎడమకు పోతున్నాయి. మళ్లీ తిప్పుతున్నారు, మళ్లీ మారుతోంది. 30 మీటర్లకు వెళ్తే బాణాలు టార్గెట్ అంతా చెదిరిపోతున్నాయి. అప్పుడప్పుడు స్ట్రింగ్ మోచేతి లోపలి వైపు తగులుతోంది కూడా. సైట్ ముందు సరిచేయాలా, ఫామ్ (నిలబడి, లాగి, వదిలే తీరు) ముందు సరిచేయాలా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. సైట్‌ను కొన్నాళ్లు ముట్టుకోకండి. ముందు డ్రా లెంగ్త్ (స్ట్రింగ్ ఎంత వెనక్కి వస్తుందో ఆ పొడవు) సరిచూసుకోండి, తర్వాత పట్టు, రిలీజ్ కుదుర్చుకోండి, బాణాలన్నీ ఒకచోట పడటం మొదలయ్యాక అప్పుడు సైట్‌కు రండి. స్ట్రింగ్ చేతికి తగులుతోందని రాశారు చూడండి, మీ ప్రశ్న మొత్తంలో నాకు ముఖ్యంగా కనిపించింది అదే. ఎక్కువ కేసుల్లో అది డ్రా లెంగ్త్ పొడవైందనడానికి గుర్తు. అదే నిజమైతే మీరు సైట్ ఎన్నిసార్లు తిప్పినా మర్నాటికి నిలవదు.

కారణం ఏమిటంటే, మీరు విల్లు ఎలా పట్టుకుని ఎలా వదులుతున్నారో, ఆ పద్ధతికి బాణం ఎక్కడ పడుతుందో సైట్ చూపిస్తుంది. అంతకు మించి దానికి పని లేదు. పద్ధతి నిన్న ఒకలా, ఇవాళ ఒకలా ఉంటే సైట్ రెండింటికీ సరిపోదు. మీ ఎడమ తప్పులకు సైట్‌ను ఎడమకు జరిపి సరిపెట్టారనుకోండి, ఒకరోజు మీ పట్టు అదంతట అదే బాగుపడితే బాణాలు కుడికి పోతాయి. మీరేమో బాగుపడిన పట్టును తప్పనుకుని మళ్లీ పాడుచేసుకుంటారు. ఇలా నెలల తరబడి తిరిగినవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లెవరికీ శ్రద్ధ తక్కువ కాదు, మొదలుపెట్టిన చోటే తేడా.

డ్రా లెంగ్త్

రెండు చేతులూ పక్కలకు చాచి, ఒక మధ్య వేలి కొన నుంచి ఇంకో మధ్య వేలి కొన వరకు అంగుళాల్లో కొలిపించుకోండి. దాన్ని 2.5తో భాగించండి. 69 అంగుళాలు వస్తే డ్రా లెంగ్త్ దాదాపు 27.5 అంగుళాలు. ఇది మొదటి అంచనా మాత్రమే. భుజాల వెడల్పు, మెడ పొడవు, మీ రిలీజ్ పొడవు, డి-లూప్ (రిలీజ్ తగిలించడానికి స్ట్రింగ్‌కు కట్టే చిన్న దారం) పొడవు బట్టి అర అంగుళం అటూ ఇటూ మారుతుంది. అసలు తీర్పు ఫుల్ డ్రాలో, అంటే స్ట్రింగ్ పూర్తిగా లాగి పట్టినప్పుడు, మీ ఒంటిని చూసి చెప్పాలి.

ఎవరినైనా మీ పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి వీడియో తీయమనండి. డ్రా లెంగ్త్ ఎక్కువైతే తల వెనక్కి వాలుతుంది, నడుము వెనక్కి వంగుతుంది, విల్లు పట్టిన చెయ్యి బిగుసుకుపోయి మోచెయ్యి స్ట్రింగ్ దారిలోకి వస్తుంది, స్ట్రింగ్ చెంపలోకి నొక్కుకుపోతుంది, రిలీజ్ చేతి మోచెయ్యి బాణం గీత దాటి వీపు వెనక్కి వెళ్తుంది. తక్కువైతే ఆ మోచెయ్యి బయటికి పొడుచుకొస్తుంది, ఛాతీ ముడుచుకున్నట్టు ఉంటుంది, వెనక గోడ మీద, అంటే స్ట్రింగ్ ఇక వెనక్కి రాని చోట, హాయిగా నిలబడలేరు. కొత్తవాళ్లలో నేను చూసేది ఎక్కువగా మొదటిదే. పొడవు ఎక్కువుంటే బాణం వేగం కొంచెం పెరుగుతుంది కాబట్టి అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇద్దరూ అటే మొగ్గుతారు. నా అభిప్రాయంలో సెకనుకు నాలుగైదు అడుగుల వేగం కోసం అర అంగుళం ఎక్కువ పెట్టుకోవడం ఎవరికీ మేలు చేయదు.

నా దగ్గర నేర్చుకునే ఒకతను వేరేవాళ్ల నుంచి తీసుకున్న విల్లుతో వచ్చాడు. పైకీ కిందికీ బాగానే ఉన్నాయి, ఎడమా కుడీ మాత్రం చెదిరేవి. డ్రా లెంగ్త్ అంగుళం తగ్గించాం. ఫామ్ గురించి అతనికి ఆ రోజు ఒక్క మాట కూడా చెప్పలేదు. అయినా గ్రూప్ (బాణాలన్నీ పడిన గుంపు) ఆ పూటే సగానికి దగ్గరపడింది. నిలబడే తీరు దానంతట అదే నిటారైంది.

మార్చడం ఎలా అంటే, చాలా విల్లులకు క్యామ్ (విల్లు చివరి చక్రం) మీద డ్రా లెంగ్త్ నిర్ణయించే మాడ్యూల్ అనే ముక్క ఉంటుంది, స్క్రూలు తీసి స్థానం మార్చితే సరిపోతుంది. కొన్నింటికి బో ప్రెస్ (విల్లును నొక్కి పట్టే యంత్రం) కావాలి. ప్రెస్ అవసరమైన పని ఇంట్లో సొంతంగా ప్రయత్నించకండి, లింబ్‌లలో (విల్లు వంగే పై, కింది భాగాల్లో) ఉన్న శక్తికి చేతులకు పెద్ద దెబ్బలు తగులుతాయి.

డ్రా వెయిట్

విల్లును టార్గెట్ వైపే ఉంచి, ఆకాశం వైపు ఎత్తకుండా, నడుము ఊపకుండా నేరుగా లాగగలగాలి. కుర్చీలో కూర్చుని కూడా లాగగలిగితే ఆ బరువు మీకు సరిపోతుంది. లేకపోతే రెండు లింబ్ బోల్టులూ సమానంగా వదులు చేసి తగ్గించండి, తయారీదారు చెప్పిన తిప్పుల లెక్క దాటకండి. పైకెత్తి లాగొద్దనేది అందం గురించి చెప్పే మాట కాదు. పొరపాటున రిలీజ్ పేలిందంటే బాణం టార్గెట్ మీదుగా ఎక్కడో పడుతుంది. బరువు తగ్గించుకోవడానికి చాలామంది మొహమాటపడతారు. 40 పౌండ్లతో శుభ్రంగా వేసిన బాణం, 50తో వణుకుతూ వేసినదానికన్నా ఎప్పుడూ మంచి చోటే పడుతుంది. ఇంకో మాట: బరువు మారిస్తే బాణం గట్టిదనం, అంటే స్పైన్, ఆ బరువుకు సరిపోతుందో లేదో చార్ట్‌లో మళ్లీ చూసుకోవాలి.

పట్టు

మీ ఎడమ తప్పులకు డ్రా లెంగ్త్ తర్వాత నేను అనుమానించేది దీన్నే.

కాంపౌండ్ విల్లు సంగతి ఒకటి గమనించండి. 80 శాతం లెట్-ఆఫ్ (పూర్తిగా లాగాక తగ్గే బరువు) ఉన్న 50 పౌండ్ల విల్లులో ఫుల్ డ్రా దగ్గర మీరు మోసేది 10 పౌండ్లే. అందుకే తాపీగా గురి చూడగలుగుతున్నారు. కానీ అదే కారణంగా చేతిలోని చిన్న మెలిక కూడా విల్లును సులువుగా తిప్పేస్తుంది, విల్లును లాగిపెట్టి నిటారుగా ఉంచే బలం అక్కడ తక్కువ కదా. గ్రిప్‌ను బిగించి పట్టుకుంటే రైజర్ (విల్లు మధ్యలోని గట్టి భాగం) కొద్దిగా పక్కకు మెలిపడుతుంది. కుడిచేతి వాటం వాళ్లలో అది ఎక్కువగా ఎడమ తప్పుగా కనిపిస్తుంది. 10 మీటర్లలో తెలియదు, 30 మీటర్లలో దాచలేరు. మీకు జరుగుతున్నది ఇదే కావచ్చు.

ఎదుటివాణ్ని ఆగమన్నట్టు ఎడమ చెయ్యి ముందుకు చాచండి. ఇప్పుడు చేతిని కొద్దిగా బయటికి తిప్పి, వేళ్ల కణుపులు 45 డిగ్రీల ఏటవాలుగా వచ్చేలా చూడండి. అరచేతిలో బొటనవేలి కింది మెత్తటి భాగం ఉంది కదా, విల్లు ఒత్తిడంతా అక్కడే పడాలి. అరచేతి మధ్య గీత దాటి చిటికెన వేలి వైపు గ్రిప్ తాకకూడదు. మిగతా వేళ్లు వదులుగా వేలాడాలి, గట్టిగా ముడవకూడదు, కర్రల్లా చాపకూడదు. చాచి ఉంచడం కూడా బిగింపే.

విల్లు జారి పడిపోతుందన్న భయం ఉంటే చెయ్యి వదలగానే టక్కున పట్టేసుకుంటుంది, అదీ బాణం స్ట్రింగ్ మీద ఉండగానే. దీనికి మందు మణికట్టు స్లింగ్ (విల్లు పడకుండా చేతికి ఉండే పట్టీ) గాని వేలి స్లింగ్ గాని. విల్లు పడదని చేతికి నమ్మకం కుదిరితే పట్టుకోవడం మానేస్తుంది. పట్టుకోకూడదు అని మనసులో ఎంత అనుకున్నా స్లింగ్ లేకుండా ఈ అలవాటు పోయినవాళ్లను నేను అరుదుగా చూశాను.

విల్లు పట్టిన చేతి భుజం కిందికి దిగి ఉండాలి, చెవి వైపు ఎక్కకూడదు. మోచెయ్యి పూర్తిగా బిగించకుండా, లోపలి వైపు ఆకాశంకేసి కాకుండా పక్కకు చూసేలా తిప్పితే స్ట్రింగ్‌కు దారి దొరుకుతుంది.

యాంకర్, పీప్

యాంకర్ అంటే ఫుల్ డ్రాలో చెయ్యి, స్ట్రింగ్ ముఖానికి ఆనే చోటు. ప్రతిసారీ ముఖం మీద అవే చోట్లు తాకాలి. రిలీజ్ చేతి వేళ్ల కణుపులు దవడ ఎముక మీద, స్ట్రింగ్ ముక్కు కొనకు తేలిగ్గా తగులుతూ. తల వంచి స్ట్రింగ్ దగ్గరకు వెళ్లకండి, తల నిటారుగా ఉంచి స్ట్రింగ్‌నే ముఖం దగ్గరకు తెచ్చుకోండి. చెంపకు గట్టిగా నొక్కితే స్ట్రింగ్ కుడికి జరిగి, కుడిచేతి వాటం వాళ్లకు బాణం ఎడమకు పోతుంది. మీ గడ్డం మీద స్ట్రింగ్ గీత పడుతోందేమో అద్దంలో చూసుకోండి.

పీప్ (స్ట్రింగ్‌లో బిగించిన, కంటితో చూసే చిన్న రంధ్రం) ఎత్తు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి కళ్లు మూసుకుని లాగి, హాయిగా యాంకర్ చేసి కళ్లు తెరవండి. పీప్‌లోంచి సైట్ గుండ్రటి చట్రం నేరుగా కనిపించాలి. తల ఎత్తో దించో వెతుక్కోవాల్సి వస్తే పీప్‌నే జరిపించాలి. తర్వాత గురి చూసేటప్పుడు పీప్ వలయం, సైట్ చట్రం ఒకదానిలో ఒకటి సమానంగా ఇమిడేలా చూసుకోండి. పిన్‌ను (సైట్ చట్రంలోని గురి చుక్కను) పీప్ మధ్యలో పెట్టడం కన్నా చట్రాన్ని మధ్యలో పెట్టడం మంచిది, ఎందుకంటే ఏ పిన్ వాడినా మీ తల స్థానం మారదు.

సైట్‌లోని బబుల్ (విల్లు వాలిందో లేదో చూపే బుడగ) కూడా చూడండి. విల్లు పై భాగం కుడికి వాలితే బాణం కుడికి, కాస్త కిందికి పడుతుంది. ఎడమకు వాలితే ఎడమకు. దూరం పెరిగేకొద్దీ ఇది ఎక్కువవుతుంది.

రిలీజ్

పిన్ టార్గెట్‌లోని పసుపు మధ్యలోకి రాగానే “ఇప్పుడే” అని ట్రిగ్గర్ నొక్కేస్తున్నారా? కొత్తవాళ్లలో దాదాపు అందరూ చేస్తారు. ఆ ఒక్క క్షణంలో వేలితో పాటు చెయ్యి, భుజం, విల్లు అన్నీ కదులుతాయి. ఇంకా పెద్ద నష్టం ఏమిటంటే, ఇది ముదిరితే పిన్ మధ్యలోకి తేవడమే కష్టమవుతుంది, కింద ఎక్కడో ఆగిపోయి పైకి రానంటుంది. టార్గెట్ పానిక్ అంటారు దీన్ని. చాలా మంచి షూటర్లు కూడా దీనివల్ల ఆట మానేసిన సందర్భాలున్నాయి. కాబట్టి ఇప్పుడే, మొదట్లోనే జాగ్రత్తపడండి.

పిన్ ఎవరికీ రాయిలా నిలవదు. అది మధ్యలో తేలుతూ ఉంటుంది, తేలనివ్వండి. వేలి కొసతో కాకుండా చూపుడు వేలు రెండో కణుపు దగ్గర ట్రిగ్గర్‌కు కొక్కెంలా తగిలించండి. వేలిని అలాగే ఉంచి, వీపు కండరాలతో మోచెయ్యి వెనక్కి మెల్లగా లాగుతూ ఉంటే రిలీజ్ దానంతట అది పేలాలి. ఎప్పుడు పేలుతుందో మీకు కచ్చితంగా తెలియకూడదు. స్ట్రింగ్ లాగేటప్పుడు మాత్రం వేలు ట్రిగ్గర్ వెనక ఉండాలి, ముందు కాదు.

దీన్ని టార్గెట్ పెట్టుకుని నేర్చుకోలేరు. మూడు మీటర్ల దగ్గర నిలబడి, గుర్తేమీ లేని ఖాళీ బేల్ (బాణాలు దిగే దిమ్మ) మీద, కళ్లు మూసుకుని వేయండి. బోర్ కొడుతుంది, నిజమే. కానీ గురి అనే టెన్షన్ లేనప్పుడే చెయ్యి ఏం చేస్తోందో ఒంటికి తెలుస్తుంది. నా దగ్గరకొచ్చే ప్రతి ఒక్కరితో రెండు మూడు వారాలు ప్రాక్టీస్ మొదట్లో ఇదే చేయిస్తాను, అనుభవం ఉన్నవాళ్లతో కూడా. ఈ ఒక్క అభ్యాసం విషయంలో నేను రాజీపడను. బాణం వదిలాక కూడా అది టార్గెట్‌ను తాకే శబ్దం వినేదాకా విల్లు చెయ్యి అక్కడే ఉండాలి.

విల్లునూ ఓసారి చూడండి

కొత్త స్ట్రింగ్ మొదటి వంద రెండొందల బాణాల్లో కొంచెం సాగి కుదురుకుంటుంది. పీప్ పక్కకు తిరగడం, రెండు క్యామ్‌లు కలిసి తిరిగే సమయం మారడం అప్పుడే జరుగుతాయి. లింబ్ పక్కన క్యామ్ ఎక్కడుందో సన్నటి పెన్నుతో గీత పెట్టుకోండి. గీత జరిగితే విల్లు మారిందని తెలుస్తుంది, జరగకపోతే మార్పు మీలో ఉంది. రెండు క్యామ్‌ల విల్లయితే ఎవరైనా పక్కన నిలబడి, రెండింటి డ్రా స్టాపులు (లాగడాన్ని ఆపే ముక్కలు) ఒకేసారి తగులుతున్నాయో లేదో చూడాలి. రెస్ట్ (బాణం ఆనే భాగం), సైట్, పీప్ ముడుల స్క్రూలూ దారాలూ వదులయ్యాయేమో ప్రతి ప్రాక్టీస్ ముందూ చూడండి. మర్నాటికి సైట్ మారిందనుకున్న కొందరికి అసలు జరిగింది రెస్ట్ స్క్రూ వదులు కావడమే.

రెస్ట్‌కు మొదటి స్థానం: బాణం స్ట్రింగ్‌కు లంబంగా, రెస్ట్ బిగించే రంధ్రం మధ్య నుంచి వెళ్లేలా. పక్కకు, రైజర్ నుంచి బాణం మధ్యకు సుమారు 20, 21 మిల్లీమీటర్లు చాలా విల్లులకు మంచి మొదలు, మీ విల్లు పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే పాటించండి.

బాణాలకు నంబర్లు వేయండి. ప్రతిసారీ గ్రూప్ బయట పడేది ఒకే నంబర్ అయితే తప్పు మీది కాదు, ఆ బాణానిది. నాక్ (బాణం వెనక, స్ట్రింగ్‌కు తగిలే భాగం) మార్చి చూడండి. కార్బన్ బాణాన్ని ప్రతి రౌండ్‌కూ ముందు కొద్దిగా వంచి, తిప్పి చూసి, పగులు శబ్దం వస్తే వెంటనే పక్కన పడేయండి. పగిలిన కార్బన్ వదిలేటప్పుడు విరిగి చేతిలో దిగుతుంది. బాణం లేకుండా స్ట్రింగ్ లాగి వదలడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఇప్పుడు సైట్

10 మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. ఐదు బాణాలు వేయండి, ఒక్కటి వేసి సైట్ తిప్పకండి. చూడకముందే “ఇది తప్పు వదిలాను” అనిపించినదాన్ని లెక్కలోంచి తీసేయండి. మిగిలినవాటి మధ్య బిందువు ఎక్కడుందో చూడండి. బాణాలు ఎటు పోతే సైట్‌ను అటే జరపాలి. ఎడమకు పోతే ఎడమకు, పైకి పోతే పైకి. దీన్ని తిరగేసి చేసేవాళ్లు చాలామంది, ఓసారి సరిచూసుకోండి.

ఎంత జరపాలో ఊహించనక్కర్లేదు. పీప్ నుంచి పిన్‌కు దూరం 90 సెంటీమీటర్లు అనుకుందాం. 18 మీటర్లు దానికి 20 రెట్లు. అంటే సైట్‌లో 1 మిల్లీమీటర్, టార్గెట్ మీద 2 సెంటీమీటర్లు. గ్రూప్ 8 సెంటీమీటర్లు ఎడమకు ఉంటే 4 మిల్లీమీటర్లు జరిపితే చాలు. అదే 50 మీటర్లలో 1 మిల్లీమీటర్ అయిదున్నర సెంటీమీటర్లవుతుంది. కాంపౌండ్ పోటీల్లో 50 మీటర్ల దగ్గర వాడే 80 సెంటీమీటర్ల టార్గెట్‌లో పది వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు. అంటే మధ్యలో పడాల్సిన బాణం ఆ ఒక్క మిల్లీమీటర్‌కే తొమ్మిదిలోకి వెళ్తుంది. దూరం పెరిగేకొద్దీ మరీ చిన్న చిన్న క్లిక్కులే జరపండి.

18 కుదిరాక 30కి వెళ్లండి. పిన్‌లు ఎక్కువున్న సైట్ అయితే పై పిన్ దగ్గరి దూరానికి, ఎడమ కుడి కోసం చట్రం మొత్తం జరపండి, మిగతా పిన్‌లను కిందికీ పైకీ మాత్రమే. 18లో మధ్యలో పడి, 30, 40లో క్రమంగా ఎడమకు జరుగుతున్నాయంటే సైట్ జోలికి వెళ్లకండి. పెద్ద బేల్ పై భాగంలో చిన్న గుర్తు పెట్టి, ఒకే పిన్‌తో ఆ గుర్తునే గురి చూస్తూ 10 నుంచి వెనక్కి అడుగులు వేస్తూ 40 దాకా వేయండి. బాణాలు నిలువు గీతలా కిందికి పడాలి. గీత ఎడమకు ఏటవాలుగా దిగితే రెస్ట్‌ను కుడికి అర మిల్లీమీటర్ లోపే జరిపి మళ్లీ చూడండి. అయితే మీ గ్రూప్‌లు బాగున్నప్పుడే ఈ పరీక్షకు విలువ. పేపర్ ట్యూన్ (కాగితం గుండా బాణం వేసి చూసే పరీక్ష), ఈకలు లేని బాణంతో ట్యూన్ కూడా అంతే, ఇప్పుడే వాటి జోలికి పోనక్కర్లేదు.

అలిసిపోయాక సైట్ ముట్టుకోకండి. నేను చూస్తుండే ఒక అమ్మాయికి ప్రతి సాయంత్రం చివర్లో బాణాలు ఎడమకు వచ్చేవి, తను సైట్ జరిపి ఇంటికి వెళ్లేది, పొద్దున కుడికి పోయేవి. భుజం అలిసి పైకెక్కడం, చెయ్యి గ్రిప్‌ను పట్టేయడం తప్ప అందులో వేరే ఏమీ లేదు. ఒంట్లో ఓపిక ఉన్న మొదటి గంటలోనే మార్పులు చేయండి. ఒకసారి ఒక్కటే మార్చి, ఏది ఎంత మార్చారో, ఆ రోజు గాలి, వెలుతురు ఎలా ఉన్నాయో నోట్‌బుక్‌లో రాయండి.

మీ విషయంలో నేను పెట్టే వరస ఇది: ఈ వారం డ్రా లెంగ్త్ కొలిపించండి, స్లింగ్ తగిలించండి. తర్వాత రెండు వారాలు ఖాళీ బేల్. ఆ తర్వాత 10 మీటర్లలో ఐదేసి బాణాలు, మీ అరచేతి కింద ఇమిడే గ్రూప్ రోజూ వస్తుంటే 18. అప్పటిదాకా 30 వద్దు. మీ చేతులు చాచిన కొలత, ఇప్పుడు విల్లు పెట్టి ఉన్న డ్రా లెంగ్త్, బాణం మీద రాసి ఉన్న స్పైన్ నంబర్, వెనక నుంచీ పక్క నుంచీ తీసిన రెండు వీడియోలు ఇక్కడ పెట్టండి. స్ట్రింగ్ ఎక్కడ తగులుతోందో, మోచెయ్యి ఎటు పోతోందో చూసి మాడ్యూల్ ఎంత మార్చాలో చెప్తాను.